కాచుకున్నందుకు

"సర్కారు ధాన్యం కంట్రోలు పుణ్యమా అని నెలంతా మిల్లు ఆడలేదు. మరి ఈ బిల్లు దేనికండీ?" మిల్లు యజమాని వీరభద్రయ్య కోపంగా అడిగాడు.

"కరెంటుకు కాదండీ, లైనుకు," అన్నాడు కరెంటు కంపెనీ గుమాస్తా సాంబమూర్తి. "ధాన్యం పడవ ఎప్పుడొస్తుందో మీకే తెలీదు. వచ్చినప్పుడు స్విచ్చి వేస్తే మోటారు తిరగాలిగా! అందాకా స్తంభాలూ తీగలూ మీకోసం కాచుకునే ఉంటాయి. ఆ కాచుకున్నందుకే ఈ చార్జీ."

"ఊరికే నిలబడ్డదానికి డబ్బులా!"

"వద్దంటే తీగ విప్పుకుపోతాం. మళ్లీ ఎప్పుడు వేస్తామో చెప్పలేను."

వీరభద్రయ్య సణుక్కుంటూ సొరుగు తీసి డబ్బు కట్టాడు.

గుమాస్తా వెళ్లగానే, గుమ్మం పక్కన కూర్చున్న మిల్లు కూలి మాణిక్యం లేచింది.

"ఇంట్లో గింజ లేదు అయ్యగారూ. ఏమన్నా ఇప్పించండి."

"పని లేందే కూలెక్కడిది?"

"అయితే మేమంతా ఇంకో మిల్లుకు పోతామండీ."

"పోతే ఎట్లా? రేపు పడవొస్తే బస్తాలెవరు దించుతారు? ఎటూ పోకుండా ఇక్కడే కాచుకుని..."

ఆ మాట దగ్గర ఆయన చెయ్యి సొరుగు మీద పడింది.

"నెల్నుంచీ కాచుకునే ఉన్నాం గదండీ," అంది మాణిక్యం, మిల్లులోకి వచ్చిన కరెంటు తీగను చూస్తూ.

మూసిన సొరుగు మీద వీరభద్రయ్య చెయ్యి అలాగే ఉండిపోయింది.