ఆ బండరాయి దాకా చాలు

“శిఖరం దాకా రానంటారు. మళ్ళీ మా జట్టులో చేరతానంటారు. ఇదేం చోద్యమండీ టీచర్ గారూ?” గైడు నవ్వాలో విసుక్కోవాలో తేల్చుకోలేక చేతిలోని తాడు చుట్టను బల్ల మీద పడేశాడు.

ఎదురుగా కూర్చున్న డ్రిల్లు టీచరు తన ఫోను అతని ముందుకు జరిపింది. అందులో ఉన్నది కిందటేడు అతను తీసిన ఫొటోయే. మంచు. ఒక నల్ల బండరాయి. దానికి ఆనుకుని, మొహమంతా మంచు కప్పేసిన ఎర్ర జాకెట్ మనిషి.

“నన్ను ఇక్కడ దింపేస్తే చాలు,” అంది, బస్సులో కండక్టరుకు తన స్టాపు చెప్పినంత మామూలుగా.

గైడు మొహంలో నవ్వు ఆరిపోయింది. “ఈయన మీకు...?”

“మా ఆయన. మీ ఆఫీసువాళ్ళే కబురు చేశారు. నాలుగేళ్ళ కిందట మీ జట్టుతో వచ్చి వెనక్కి రాలేదుగా.”

“అప్పటికి నేనింకా ఈ పనిలో చేరలేదమ్మా.” అతను గొంతు తగ్గించాడు. “కిందికి తెమ్మంటే మాత్రం మావల్ల కాదు. ఆ ఎత్తులో ఎవరి ఒళ్ళు వాళ్ళకే బరువు.”

“తెమ్మనడం లేదు. ఒకసారి చూస్తాను. కప్పి వచ్చేస్తాను.”

“అక్కడ ఎవ్వరం ఆగం. ఆగితే కాళ్ళూ చేతులూ కొయ్యబారిపోతాయి.”

“పరిగెత్తించండి, ఎక్కించండి, మీ పరీక్షలన్నీ పెట్టండి. ఒక్కదాంట్లో వెనకబడ్డా నోరెత్తకుండా ఇంటికి పోతాను.”

పెట్టాడు. సగం వయసువాళ్ళు నడుం పట్టుకుని కూలబడ్డచోట కూడా ఆమె ఆగలేదు. తనకంటే వయసులో ఏమంత పెద్దది కాకపోయినా, ఆ రోజుల్లోనే ఎప్పుడో అతనికి ఆమె అక్క అయిపోయింది.

బయల్దేరే ముందు సంచులు తూచేటప్పుడు ఆమె సంచిలోంచి ఒక పాత దుప్పటి బయటపడింది. ఉతికి ఉతికి గళ్ళు వెలిసిపోయిన ఉన్ని దుప్పటి.

“ఇదెందుకక్కా? పైన గ్రాము గ్రామూ ప్రాణం తీస్తుంది.”

“ఆయనదే. మా అత్తయ్య ఇచ్చి పంపింది. వాడికి చిన్నప్పట్నుంచీ చలి ఎక్కువే అమ్మా, అంది.”

గైడు దుప్పటి తీసి తన సంచిలో కుక్కుకున్నాడు.

పైకి పోయేకొద్దీ మాట తగ్గిపోయింది. నాలుగడుగులు వేయడం, నిలబడి రొప్పడం. చివరి డేరా దాటి, ఏటవాలుగా ఉన్న గట్టు మీదికి వచ్చేసరికి అల్లంత దూరంలో నల్లగా బండరాయి కనిపించింది. మిగతావాళ్ళను రెండో గైడు శిఖరం వైపు నడిపించుకుపోయాడు. గైడు ఆమె తాడును మేకుకు బిగించి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు. మొగుడూ పెళ్ళాల మధ్య తనెందుకు అనుకున్నాడు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. చేతి తొడుగులతో మొహం మీది మంచు తుడిచింది. ఒక్కసారిగా ఆమె చేతులు ఆగిపోయాయి. అలాగే చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపటికీ కదలకపోయేసరికి గైడుకు భయమేసింది.

“అక్కా, ఇక లేవాలి.”

“ఒక్క నిమిషం.”

గాలి హోరులోంచి అతనికి ఏడుపు వినిపించింది. మాస్కు అడ్డంగా ఉండి అది ఏడుపో దగ్గో మొదట తెలియలేదు. కాసేపటికి ఆమే పిలిచింది.

“తమ్ముడూ, ఒక చెయ్యి వేస్తావా?”

ఇద్దరూ కలిసి దుప్పటి పరిచారు. గైడు అంచుల మీద రాళ్ళు పెట్టాడు. ఆమె మాత్రం తల దగ్గరే ఉండి, గాలి దూరకుండా దుప్పటిని మెడ కిందికి, చెవుల పక్కకి మెల్లగా నొక్కింది. నిద్రలో కదిలిస్తే లేస్తాడేమో అన్నంత మెల్లగా.

“వాతావరణం బాగుంది. ఇంత దూరం వచ్చారు, శిఖరం కూడా చూసేయండి,” అన్నాడు గైడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. కిందికి దిగింది.

కింది క్యాంపులో సిగ్నలు అందగానే ఇంటికి ఫోను చేసింది. అవతల అత్తగారి గొంతు పక్కనున్న గైడుకు కూడా వినపడుతోంది.

“కప్పావా అమ్మా?”

“కప్పాను అత్తయ్యా.”

“మొహం ఎలా ఉందే?”

ఆమె ఫోను రెండో చేతికి మార్చుకుంది. “నిద్రపోతున్నట్టే ఉంది అత్తయ్యా.”

అవతల పెద్దావిడ బావురుమంది. ఆ ఏడుపు ఆగేదాకా ఆమె ఫోను చెవికి ఆనించుకునే ఉంది.

మర్నాడు పొద్దున జీపు వచ్చింది. గైడు సామాను ఎక్కించి, చేతులు దులుపుకుని నిలబడ్డాడు. ఆమె జీపు ఎక్కబోయి ఆగింది.

“వచ్చే ఏడు కూడా నాకో చోటు ఉంచు తమ్ముడూ.”

“శిఖరం మీద మనసు పడిందా ఏమిటి?”

“శిఖరం నాకెందుకు?”

“మరి ఇంకెందుకక్కా? వచ్చిన పని అయిపోయిందిగా. ఆయన్ని చూశారు, కప్పారు, తనివితీరా ఏడ్చారు. మళ్ళీ వచ్చి ఆ గాయం కెలుక్కోవడం దేనికి? ఇక పెద్దావిడను చూసుకోండి.”

ఆమె అతని ఎర్ర జాకెట్ వైపు చూసింది. డ్రైవరు జాకెట్ వైపు చూసింది. సామాను మోస్తున్నవాళ్ళ జాకెట్ల వైపు చూసింది. అన్నీ ఒకే రంగు, ఒకే కుట్టు.

“అత్తయ్యకు మాత్రం ఎప్పుడూ చెప్పకు,” అంది. “అక్కడ పడుకుని ఉన్నది మా ఆయన కాదు తమ్ముడూ. ఎవరో, పాపం... వాళ్ళావిడ ఇంత దూరం రాలేకపోయిందేమోనని, ఆవిడ బదులు నేను ఏడ్చాను.”