బండితో మాట

రంగరాజన్ తాళం తిప్పాడు. జీపు ఒక్కసారి మూలిగి ఊరుకుంది.

వెనక వేరుశనగ మూటలు. విరుదునగర్ మండీలో కొని, కోవిల్‌పట్టిలో మిఠాయి చేసేవాళ్ళకు వెయ్యడం అతని వ్యాపారం.

"ఏమే, నడిబజార్లో కూకుంటే ఎట్లే?" స్టీరింగు మీద చరిచాడు. "ఇంటికి రావా? మూటలన్నీ నేను మోసేదా? లేవే మొండిదానా!"

అది అతని ఇంటి తెలుగు. బజార్లో ఎవరికీ అర్థం కాదని ధైర్యం.

బయట నోరు విప్పితే తమిళమే. చిన్నప్పటి నుంచీ అంతే. తెలుగు గడప లోపలి మాట.

గడప లోపల ఇప్పుడు ఎవరూ లేరు. భార్య కమలం పోయాక ఆ మాట వినేది ఈ జీపొక్కటే.

కలలోకి వచ్చినా కమలం పెదవులు కదిలేవి, మాట వినిపించేది కాదు. మెలకువ వచ్చాక తనకు ఇంకా మాట ఉందో లేదోనని భయమేసేది. తెల్లవారగానే వెళ్ళి జీపును ఏదో ఒకటి అనేవాడు.

"నెట్టనా అన్నాచ్చి?"

తమిళంలో అడిగాడు పక్కన నిలబడ్డ మనిషి. గళ్ళ చొక్కా, చేతిలో సంచి. వయసు అరవై దాటి ఉంటుంది.

రంగరాజన్ చెవులు వేడెక్కాయి. బండితో మాట్లాడటం చూశాడా?

"నెట్టండి," అన్నాడు తమిళంలోనే.

ఇద్దరూ కలిసి వీధి చివర మెకానిక్ మునియాండి షాపుదాకా నెట్టారు.

మునియాండి మీటరు పెట్టి చూశాడు.

"ఆల్టర్నేటర్ పోయింది. బ్యాటరీకి ఛార్జు ఎక్కడంలేదు. ఈ మోడలుది ఇప్పుడెక్కడ దొరుకుతుంది? బండిని పాత ఇనుముకు వేసెయ్యండి అన్నాచ్చి."

"వెయ్యను."

"పెళ్ళికి మామగారిచ్చిన బండా, అంత ప్రేమ?"

"వెయ్యనన్నాను కదా."

"అయితే కొత్త కార్లకు వచ్చే పెద్దది వేస్తా. దాన్ని బిగించే పట్టీ కోసి వెల్డింగు పెట్టాలి. కుదిరితే మీకంటే ఎక్కువ కాలం ఉంటుంది. కుదరకపోతే నన్నూ బండినీ కలిపి తిట్టొద్దు."

పని మొదలైంది. గళ్ళ చొక్కా మనిషి వెళ్ళలేదు. టీ తెప్పించుకుని పాత టైరు మీద కూర్చున్నాడు. రంగరాజన్‌కూ ఒకటి తెప్పించాడు.

"ఏ ఊరు అన్నాచ్చి?"

"కోవిల్‌పట్టి."

"సొంత ఊరేనా? ఇంట్లో ఎవరెవరు?"

"ఎందుకు?"

"ఊరికే."

ఊరికే ఎవరూ టీ ఇప్పించరని రంగరాజన్‌కు తెలుసు. పాత జీపులు కొనే దళారులు ఆ వీధిలో ఇలాగే మాట కలుపుతారు.

కొత్తది సరిగ్గా కూర్చోలేదు. బెల్టు పక్కకు లాగుతోంది.

"కష్టమే," అన్నాడు మునియాండి.

రంగరాజన్ బానెట్ పక్కకు వెళ్ళి వంగాడు. గొంతు తగ్గించాడు.

"ఓర్చుకోవే. కొత్తది ఒంటికి పట్టేదాకా నొప్పిగానే ఉంటాది. నువ్వూ పోతే నాకింకెవురుండారు చెప్పు?"

టైరు మీది మనిషి టీ తాగడం ఆపాడు. లేచి మునియాండి దగ్గరికి వెళ్ళి, పట్టీ చూస్తున్నట్టు వంగాడు.

మునియాండి అన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. ఈసారి బెల్టు తిన్నగానే ఉంది.

"ఇంకోసారి చూడు తంబి," అన్నాడు ఆ మనిషి.

మునియాండి మళ్ళీ స్పానరు అందుకున్నాడు.

రంగరాజన్‌కు ఒళ్ళు మండింది. పని చెడగొట్టి, విసిగించి, చివరికి బండిని చవగ్గా అడుగుతాడు. ఇలాంటివాళ్ళను ఎంతమందిని చూడలేదు!

ఎండ వాలుతుండగా జీపు లేచింది. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఆరిపోయింది.

రంగరాజన్ కళ్ళు తడయ్యాయి. పక్కకు తిరిగాడు.

ఆ మనిషి అక్కడే ఉన్నాడు. నవ్వుతున్నాడు.

"బండిని ఇప్పుడేమీ అనరా అన్నాచ్చి?"

గడప దాటి, చెప్పులతో ఎవరో వంటింట్లోకి వచ్చినట్టనిపించింది రంగరాజన్‌కు.

"నా బండి అమ్మను," అన్నాడు గట్టిగా. "నా చుట్టూ ఎందుకు తిరుగుతున్నారు? మీకేం పని లేదా?"

ఆ మనిషి ఏదో చెప్పబోయాడు. రంగరాజన్ ముఖం చూసి సంచి అందుకున్నాడు.

"ఉందన్నాచ్చి. వెళ్తున్నా."

రంగరాజన్ జీపును వీధి చుట్టూ తిప్పి చూసుకున్నాడు. తిరిగొచ్చేసరికి మునియాండి ఒక్కడే గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"పోయాడా దళారి?"

"దళారా?" మునియాండి చేతులు ఆగాయి. "శ్రీవిల్లిపుత్తూరు పోవడానికి బస్సు మారాలని దిగాడట. మీ బండి దగ్గర కూర్చుని వచ్చిన బస్సులన్నీ వదిలేశాడు. ఇప్పుడే ఒకటి ఎక్కాడు."

"ఎందుకట?"

"మీరు బండిని తిడుతుంటే విన్నాడట."

రంగరాజన్ రోడ్డు వైపు చూశాడు. బస్సు రేపిన దుమ్ము కూడా అణిగిపోయింది.

"పేరేంటి? ఏ ఊరు?"

"అడగలేదు అన్నాచ్చి."

ఇంజను నిలకడగా తిరుగుతోంది. మునియాండి గుడ్డ భుజాన వేసుకున్నాడు.

"ఆయనదీ మీ భాషేనట. వాళ్ళమ్మ పోయాక ఆ మాట చెవిన పడటం ఇదే మొదలట. 'ఆయన ఇంకాస్త మాట్లాడాలి, మెల్లగా బిగించు తంబి' అన్నాడు నాతో."