మఠంలో ఆరడుగుల చోటు

“గేటు తియ్యి బాబూ, మోసేవాళ్ళ భుజాలు పడిపోతున్నాయి,” అంది అసంప్టా.

పైకప్పు లేని పాత మఠం ముందు, ఆరుగురి భుజాల మీద ఆమె భర్త శవపేటిక ఉంది. దాని మీద పెద్ద పూలదండ, సన్నటి వాన. పాత కట్టడాలను కాపాడే వారసత్వ శాఖ తరఫున మూడు వారాల కిందటే ఆ ఊరొచ్చిన ఫియక్రా గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

“ఇక్కడ పాతిపెట్టకూడదమ్మా. సిస్టర్షియన్ సన్యాసులు ఎనిమిది వందల ఏళ్ళ కిందట కట్టిన మఠమిది. పలుగు దిగితే కిందున్న చరిత్రంతా పోతుంది.”

“ఆ చరిత్ర మా అత్తగారూ, ఆవిడ అత్తగారూనయ్యా! సన్యాసుల్ని వెళ్ళగొట్టాక ఈ గోడల్ని కనిపెట్టుకుని ఉన్నది మా పీనుగులే.”

మోస్తున్నవాళ్ళు నవ్వారు. ఫియక్రా నవ్వలేదు. జేబులోంచి కాగితం తీశాడు.

“ముప్పై ఏళ్ళ నాటి ఉత్తర్వు. ‘ఈ ఆవరణలో ఇకపై ఎవరి ఖననానికీ...’”

“‘...ఎట్టి కారణం చేతనూ అనుమతి లేదు.’ నాకు కంఠతా వచ్చు. ముప్పై ఏళ్ళు దానితో కాపురం చేశాను.”

“మా అమ్మను ఈ గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపారు,” అన్నాడు ముందు మోస్తున్న కోల్మన్. “బస్సు డిపో పక్కన కొత్త శ్మశానంలో పడుకుంది పాపం. ఈ పేటిక లోపలికి వెళ్తే ఇంక ఏ పేటికనూ ఆపలేరు. అందుకే మోస్తున్నా.”

ఫియక్రాకు ఒళ్ళు మండింది. “ఆ ఉత్తర్వు రాసినాయనే లేకపోతే ఈ రాళ్ళన్నీ పశువుల కొట్టాలకి ఎత్తుకుపోయేవాళ్ళు!”

“రాళ్ళను ప్రాణంగా చూసుకున్నాడు, కాదనను. మనుషులే కంటికి ఆనలేదు,” అంది అసంప్టా. “వాళ్ళమ్మ పక్కనే పడుకోబెట్టమని నా చెయ్యి పట్టుకుని ఏడ్చారయ్యా మా ఆయన. ఆ మాట తీర్చకుండా ఇక్కణ్ణుంచి కదలను. పోలీసుల్ని పిలుచుకో.”

“ఎట్టి కారణం చేతనూ అని ఉందమ్మా. నేనేం చెయ్యను?”

“కింద సంతకం ఎవరిదో చదువు.”

“టియర్నన్ లావెల్.”

“దించండి,” అంది అసంప్టా. పేటికను పిట్టగోడ మీద ఆనించారు. ఆమె పూలదండ తీసి చంకలో పెట్టుకుంది. కింద, పేటిక మూతకు కొట్టిన ఇత్తడి రేకు మీద అక్షరాలున్నాయి.

“ఇప్పుడిది చదువు.”

ఫియక్రా వంగి చూశాడు.

రెండు చోట్లా ఒకే పేరు.