లోటు చెప్పిన గ్లాసు

టీలోంచి వెలుగు పోనిచ్చి, ఎంత పంచదార కరిగిందో పైకి చెప్పేసే గ్లాసులు ఇంటింటికీ వచ్చాక, షుగరున్న వరహాలమ్మకి బతుకు చప్పబడిపోయింది.

రోజూ పొద్దున్నే గ్లాసుకి మంచినీళ్లు చూపించి, సున్నా అంటే ఇదీ అని నేర్పాలి. ఆ పని ఆవిడ కోరి నెత్తినేసుకుని, రెండు చెంచాల పంచదార కలిపిన నీళ్లు చూపించడం మొదలెట్టింది. అంత తీపి టీ పోసుకున్నా గ్లాసు "పంచదార సున్నా" అంటుంటే, ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

ఓ రోజు కోడలు ఈశ్వరి దాహమేసి అదే గ్లాసులో మంచినీళ్లు పోసుకుంది.

"పంచదార, మైనస్ రెండు చెంచాలు," అంది గ్లాసు.

ఈశ్వరి నడుం మీద చెయ్యేసుకుంది. "ఇదేటత్తా?"

వరహాలమ్మ తడుముకోలేదు.

"ఇన్నావు కదేటి! రెండు చెంచాలు తక్కువైనాయట. ఏసెయ్ మరి!"