చెమ్కీ ఆట

చెమ్కీ వచ్చి నలభై రోజులైంది. ఇప్పటిదాకా ఒక్క ఆటవస్తువునూ ముట్టలేదు.

రేగొండ దాటాక అడవి అంచున ఉన్న ఆ జంతు సంరక్షణ కేంద్రంలో ఎలుగుబంట్లు ఉన్నాయి, కోతులు ఉన్నాయి. చింపాంజీ రావడం అదే మొదటిసారి. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పోలీసులు ఆపిన లారీలో, ఉల్లిగడ్డ బస్తాల వెనక ఇనుప పంజరంలో దొరికింది. ఎవరిదో తెలియదన్నాడు డ్రైవర్. పంజరం మీద పేరు మాత్రం రాసి ఉంది.

దాని బాధ్యత పద్మలతకు అప్పగించారు. జనగామ పిల్ల. జంతుశాస్త్రం చదివింది కానీ, చింపాంజీని చూడడం ఆమెకూ కొత్తే. పంజరంలో బతికిన జంతువుకు కడుపు నిండితే చాలదని, చేతులకూ బుర్రకూ పని దొరకాలని పుస్తకాల్లో చదివింది. పని లేకపోతే తన ఒంటినే పీక్కుంటుందట. చెమ్కీ అప్పటికే ఎడమ చేతి వెంట్రుకలన్నీ పీకేసుకుంది.

పద్మలత వెదురు బొంగుల్లో తేనె పోసి పెట్టింది. టైరు వేలాడదీసింది. మూత తిప్పితే పల్లీలు రాలే డబ్బా చేయించింది. చెమ్కీ గోడవైపు తిరిగి కూర్చుంది. ఒకసారి ఆ డబ్బాను ఇనుప జాలీ కింద నుంచి లోపలికి జరపబోతే చందు అనే పనివాడి వేలు కొరికింది. మూడు కుట్లు పడ్డాయి. ఆ తర్వాత ఎవరూ అటు పోలేదు.

అప్పుడు వచ్చాడు ఎల్లయ్య. అరవై దాటిన మనిషి. నర్మెట్ట దిక్కు వాడినని చెప్పి గడ్డి కోసే పనికి కుదిరాడు. మూడో రోజు తనే వచ్చి అడిగాడు.

"మేడం, గా చింపాంజీని జర నేను సూస్తనా?"

"వద్దు బాపూ, కరుస్తది."

"నన్ను కరవది."

జాలీ ముందు బకెట్ బోర్లించి కూర్చున్నాడు. చెమ్కీ తల తిప్పి చూసింది. ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పెదవులు విడిపోయి పళ్లన్నీ బయటపడ్డాయి.

"బాపూ, ఎనుకకు రా!" పద్మలత అరిచింది.

ఎల్లయ్య కదల్లేదు. చెమ్కీ లేచింది. నేరుగా డబ్బా దగ్గరికి నడిచింది. మూత తిప్పింది.

వంటచేసే కట్టమ్మ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. "ఓ అవ్వో! సూడు మేడం, నవ్వుతాంది!"

ఆ రోజు నుంచి ఎల్లయ్యకు గడ్డి కోసే పని తప్పింది. పొద్దున తొమ్మిదింటికి వచ్చి బకెట్ మీద కూర్చుంటే చాలు. చెమ్కీ టైరు ఎక్కి ఊగేది. పుల్లతో తేనె తీసేది. డబ్బాలోంచి రాలిన పల్లీల్లో మాత్రం ఒక్కటీ తినేది కాదు. అన్నీ ఏరి కుప్ప చేసి, జాలీ కింద నుంచి ఎల్లయ్య వైపు నెట్టేది.

"కన్న బిడ్డ గూడ గిట్ల పెట్టదు" అనేది కట్టమ్మ.

పద్మలతకు మాత్రం మనసు కుదురుగా ఉండేది కాదు. ఎల్లయ్య ఉన్నంతసేపూ ఆ పళ్లు అట్లాగే బయట ఉండేవి. కోతులు మీద పడే ముందు పళ్లు చూపిస్తాయని ఆమెకు తెలుసు. చింపాంజీ పట్టు పడితే మనిషి చేయి ఊడి వస్తుందని చదివింది. ఏదో ఒకరోజు ఈ ముసలాయన్ను పట్టి చీల్చేస్తుందేమో. ఆ భయంతో ఆమె రోజూ దూరం నుంచి కాపలా కాసేది.

ఒకనాడు ఎల్లయ్యకు జ్వరం వచ్చి రాలేదు. పద్మలత అవే వస్తువులు పెట్టింది. చెమ్కీ దేన్నీ ముట్టలేదు. పెట్టిన పండ్లు మాత్రం మొత్తం తినేసింది. సాయంత్రం దాకా గేటు వైపే చూస్తూ కూర్చుంది.

"ముసలోని కోసం పరేషాన్ అయితాంది మేడం" అని కట్టమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మరునాడు ఆయన వచ్చాడు. చెమ్కీ రెండు గంటలు ఆగకుండా ఆడింది. రొప్పుతూ ఆడింది. ఆయన లేచాకే ఆగింది. పద్మలత అదంతా ఫోన్‌లో వీడియో తీసింది. తన భయమే తప్పనుకుంది. ఎల్లయ్యను చెమ్కీ దగ్గరే ఉంచాలని పై అధికారులకు రాసింది.

చెమ్కీ పాత సంగతులు తెలుసుకోవాలనీ ఆమెకు ఉండేది. పంజరంలో దొరికిన తళుకుల గౌనుకు దర్జీ దుకాణం పేరు కుట్టి ఉంది. దాన్ని పట్టుకుని ఆరా తీస్తే మహబూబాబాద్‌లో కుబ్రా బీ దొరికింది. ఒకప్పుడు సర్కస్ వెంట తిరిగి బట్టలు కుట్టిన ముసలామె. చెమ్కీ బతికే ఉందని తెలిసి ఫోన్‌లోనే ఏడ్చింది. పద్మలత ఆమెకు ఆ వీడియో పంపింది.

మరునాడు పొద్దున ఎల్లయ్య లోపలికి పోతానన్నాడు.

"ఇంక నడుమ గీ జాలీ ఎందుకు మేడం? దానికి నేనెవల్నో ఎరుకే."

పద్మలత ఒక్క క్షణం ఆలోచించి తాళం చెవి ఇచ్చింది. ఆయన తలుపు తీసి లోపలికి నడిచాడు. వెనక్కి తిరిగి గడియ పెట్టుకున్నాడు. చెమ్కీ అప్పటికే టైరు ఎక్కి ఊగుతోంది.

ఫోన్ మోగింది. పద్మలత నవ్వుతూ ఎత్తింది.

"వీడియో సూసిన్రా కుబ్రా బీ? ఎంత మంచిగ ఆడుకుంటాందో!"



"అది ఆడుకుంటలేదు బేటీ, సర్కస్‌ల పన్నెండేండ్లు ఇనుప చువ్వ కాల్చి వాత పెట్టుకుంట దానికి ఆటలు నేర్పినోడు గా వీడియోల ఎదురుంగ కూసున్న ముసలోడే."