ముందస్తు పచ్చడి

శుక్రవారం, ఎడారి దేశంలో మన కూలీలుండే హిద్ క్యాంపులో అన్నాల వేళ టీవీలో ఒకాయన చెబుతున్నాడు. ఉగ్రవాదులు జంట భవనాలు కూల్చాక అమెరికా తీరే మారిపోయిందట. అంతకుముందు తనను కొట్టినవాణ్ణి కొట్టేదట. ఆ తర్వాత నుంచి ఎవడైనా కొడతాడని అనుమానమొస్తే చాలు, తనే ముందు వెళ్లి కొట్టేస్తోందట.

అన్నం తింటూ వింటున్న బుజ్జిబాబుకి ఈ పద్ధతి భలే నచ్చింది. కిందటేడు ఆయన ఆవకాయ సీసాని ఎవడో ఊడ్చేశాడు. ఆ దొంగ దొరకనే లేదు. ఇప్పుడు ఆయన గదిలోకి ఎడ్వర్డ్ అనే కొత్తవాడు దిగాడు.

"వాడి చూపు నా సీసా మీదే ఉందర్రా. వాడు నాది తినకముందే మనం వాడిది తినెయ్యాలి," అన్నాడు పక్కగదివాళ్లతో.

ఎడ్వర్డ్ ప్రార్థన కూటానికి వెళ్లగానే అందరూ కలిసి అతని పెట్టె తెరిచారు. బట్టల అడుగున రొయ్యల పచ్చడి దొరికింది. వేడన్నంలో కలుపుకుని లొట్టలేసుకుంటూ తినేశారు. నాయకుడు కాబట్టి వడ్డన బుజ్జిబాబుదే. చివరికి ఆయనకి మిగిలింది సీసా అడుగున నూనె.

సాయంత్రం ఎడ్వర్డ్ వచ్చి, ఖాళీ సీసా చూసి నీరుగారిపోయాడు.

"బుజ్జిబాబుగారూ, ఇది మీ ఆవిడగారు నాతో పంపిన పచ్చడండి. రేపు మీ పుట్టినరోజంటగా, రేపే ఇమ్మన్నారండి. ఎవరో తినేశారండి!"

పక్కగదివాళ్లంతా బుజ్జిబాబు వైపు చూశారు. ఆయన లేచి నిలబడ్డాడు.

"విన్నారుగా! నా పచ్చడి వీడి దగ్గరే ఉందని నేను ముందే అనలేదూ?"