పిన్నులు పెట్టిన పేజీలు

పుస్తకం తెరవబోతే తెరుచుకోలేదు.

లైబ్రేరియన్ కళ్ళజోడు సవరించుకుని చూసింది. పేజీలను కలిపి పట్టి ఉంచినవి నల్లటి జడపిన్నులు. మొత్తం ఆరు.

బల్లకి అవతల నిలబడ్డ పెద్దాయనది నున్నటి గుండు. చొక్కా జేబులో మాత్రం దువ్వెన. పొలం లేనివాడి భుజాన నాగలిలాగా.

ఆ పుస్తకమంటే ఆమెకి ప్రాణం. పదహారేళ్ళ పిల్ల కత్తి పట్టి నీడల రాజ్యం మీదికి దండెత్తే మూడు భాగాల నవల. ఇది రెండోది. పిల్లల పుస్తకంలో ప్రేమేమిటని పెద్దలు గోల చేస్తే, పైవాళ్ళతో పోట్లాడి మరీ అలమరలో నిలబెట్టింది.

నిజానికి ఆ ప్రేమ మీద ఆమెకీ మనసు ఒక్క తీరున ఉండదు. పిల్ల చెయ్యి కత్తి పట్టినంతసేపూ కథ పట్టుగానే ఉంటుంది; రెక్కల కుర్రాడి చెయ్యి పట్టగానే పట్టు తప్పుతుంది. అయినా పదకొండో అధ్యాయం నాలుగుసార్లు చదివింది. నాలుగోసారి తలుపు గడియ పెట్టుకుని.

నచ్చకపోతే తిట్టుకోవచ్చు. ఇంకొకరు చదవకుండా మూసేస్తే మాత్రం ఆమె ఊరుకోదు.

"ఇదేమిటండీ? ఏరి ఏరి ప్రేమ పేజీలకే పెట్టారు పిన్నులు."

"అవునమ్మా."

"ప్రేమంటే పడదా మీకు?"

"నాకు బాగానే ఉందమ్మా. ఆ ముద్దు దగ్గరే కొంచెం సాగదీశారు."

"మరి ఎవరికి పడదు?"

"ఒక పాప ఉంది. పధ్నాలుగేళ్ళు. నేను చదివి వినిపిస్తుంటాను."

"వింటే చెడిపోతుందనా?"

"చెడిపోదమ్మా. ఏడుస్తుంది."

"అంత భయపెట్టి పెంచుతున్నారన్నమాట."

పెద్దాయన వెనక వరసలో ఉన్న నలుగురినీ చూశాడు. "మిగతాది ఎవరికీ చెప్పనని దానికి మాటిచ్చాను. ఈ పిన్నులు ఇలాగే ఉండనివ్వండమ్మా. తీసేవాళ్ళు వస్తారు."

"ఎప్పుడు?"

ఆయన గుండు నిమురుకున్నాడు. "ఒక ఆర్నెల్లు పట్టచ్చు."

"సినిమా హాల్లో సీటుకి చేతిరుమాలు వేసినట్టు," అన్నాడు పక్క బల్ల గుమాస్తా.

వరస నవ్వింది.

ఆమె పుస్తకం విదిలించింది. బల్ల మీద సన్నటి వెంట్రుకలు రాలాయి.

"తల మీద ఉండాల్సినవి పుస్తకంలో ఉన్నాయే," అంది.

వరస మళ్ళీ నవ్వింది. ఆయన నవ్వలేదు. వేలితో వాటిని పోగుచేసి జేబురుమాల్లో మడిచి పెట్టుకున్నాడు.

ఆమె ఆరు పిన్నులూ పీకేసింది. ఆయన కార్డు మీద అడ్డంగా ఎర్రగీత కొట్టింది.

"పుస్తకం పాడుచేస్తే కార్డు రద్దు. మూడో భాగం ఇవ్వడం కుదరదు."

"ఆ ఒక్కటీ ఇవ్వండమ్మా. పిన్నులు పెట్టను. చివరికి ఆ పిల్ల గెలుస్తుందో లేదో దానికి తెలియాలి."

"రూలు రూలే."

"పోనీ, ఆ పిన్నులైనా ఇచ్చెయ్యండి. నావి కావు."

"సాక్ష్యం. ఇవ్వను."

సాక్ష్యం సొరుగులోకి వెళ్ళింది. సొరుగులోంచి ఒక్కొక్కటే ఆమె కొప్పులోకి వెళ్ళింది. ఆమెకి జుట్టెక్కువ. పిన్నులు ఎన్నున్నా చాలవు.

మూడు వారాల తర్వాత తెల్ల యూనిఫాంలో ఒక నర్సు వచ్చింది.

"గుండాయనొకరి కార్డు రద్దు చేశారట కదా మేడమ్."

అప్పటికి ఆమె కోపం చల్లారింది. మూడో భాగం తీసి బల్ల మీద పెట్టింది. "పట్టుకెళ్ళండి. ఆ పిల్ల గెలుస్తుందని చెప్పండి."

నర్సు పుస్తకం ముట్టుకోలేదు.

"దానికోసం కాదండీ. పాప సోమవారం పోయింది. ఆ పిన్నులు కావాలని వాళ్ళమ్మ అడుగుతోంది."

లైబ్రేరియన్ మూడో భాగాన్ని మెల్లగా తన వైపుకి లాక్కుంది.

"చివర్రోజు పాపే అడిగింది, ఆ ప్రేమ కూడా చెప్పెయ్యి తాతా అని. పుస్తకం లేదు కదా. ఆయన గుర్తున్నంత చెప్పారు. ముద్దు దగ్గర చాలాసేపు సాగదీశారు."

"ఆయన... మనవరాలా?"

"ఆయనకి ఎవరూ లేరు మేడమ్. మా క్యాన్సర్ వార్డులో పిల్లలకి జుట్టు తీసేది ఆయనే. పుస్తకం వాళ్ళ ఒళ్ళో తెరిచి పెట్టి, వెనకనుంచి చదువుతూ తీస్తారు, రాలేది వాళ్ళకి కనబడకుండా."

ఆమె చెయ్యి తనకు తెలియకుండానే కొప్పు మీదికి వెళ్ళింది.

"ఆ రోజు తన జడలోంచి తీసిన పిన్నులు పాపే ఆయన చేతికిచ్చి, ప్రేమ వచ్చిన చోటల్లా పెట్టమంది, 'జుట్టు మొలిచాక ఇవి తీసుకుని అప్పుడు నేనే చదువుకుంటా తాతా, అందాకా మనకి యుద్ధాలు చాలు' అని," అంది నర్సు, కొప్పు విప్పుకుంటూ ఒక్కొక్క పిన్నే బల్ల మీద పెడుతున్న లైబ్రేరియన్ వేళ్ళనే చూస్తూ.